పాత కారుతో హైవే మీద – 3వ పాఠం: మీ బండికి ఎంత వేగం సరిపోతుంది?

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను, టైరు పక్క గోడ మీద అచ్చు వేసిన నాలుగు అంకెలు చూసి రాసుకోమని. 3518 అని ఉంటే ఆ టైరు 2018లో 35వ వారంలో తయారైందన్నమాట. ఇంకా చూడనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఆరేళ్లు దాటిన టైర్లు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా, గాట్లు అరగకపోయినా, ఈ పాఠంలోని అభ్యాసాలు వాటితో చెయ్యొద్దు. మన బళ్లు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. అందుకే వాటి టైర్లు అరగవు, ముసలివైపోతాయి. రబ్బరు గట్టిపడి లోపల చీలికలు పడతాయి. హైవే వేడిలో గంటసేపు పరుగెత్తాక గానీ ఆ సంగతి బయటపడదు.

ఈ పాఠానికి కూడా ఉదాహరణ మా ఇంటి అంబాసిడరే. 1972 నాటి మార్క్ 2, 1489 సీసీ పెట్రోల్ ఇంజను, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. మీది ప్రీమియర్ పద్మిని అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి ఇదే. పాత లారీల సంగతి మాత్రం వేరు, బరువు ఎక్కువ. వాటికి ఐదో పాఠం కేటాయించాను.

"మీ అంబాసిడర్ ఎంత స్పీడు పోతుందండీ?" అని నన్ను చాలామంది అడుగుతారు. తొక్కితే వందకు పోతుంది. కానీ ఎంత పోతుంది అన్నదానికంటే ఎంత వేగంలో పోతే మన మాట వింటుంది అన్నది ముఖ్యం. ఆ వేగం ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. పుస్తకంలో దొరకదు, మెకానిక్ చెప్పలేడు. మీరే మీ బండి మీద కొలిచి తేల్చుకోవాలి.

ముందుగా ఈ కారు ఏ రోడ్ల కోసం పుట్టిందో చూడండి. అంబాసిడర్ అసలు రూపం ఇంగ్లండ్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆ దేశంలో మొట్టమొదటి మోటార్‌వే, ప్రెస్టన్ బైపాస్, 1958 డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. అంటే ఈ కారును గీసినవాళ్ల ఊళ్లోనే అప్పటికి గంటసేపు ఆగకుండా ఒకే వేగంలో పరుగెత్తే రోడ్డు లేదు. కాసేపు వేగం, ఒక మలుపు, ఒక ఊరు, మళ్లీ వేగం. ఇంజను ఊపిరి పీల్చుకోవడానికి, బ్రేకు డ్రమ్ములు చల్లారడానికి సందు దొరికేది. మన చౌటుప్పల్ దాటాక సూర్యాపేట దాకా ఆ సందు దొరకదు. పక్కన వెళ్లే కొత్త కార్లన్నీ వందలో పోతుంటాయి. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా వందే. ఆ బోర్డు చూసి మనమూ అందుకోవాలనిపిస్తుంది. ఆ బోర్డు పరిమితి చెబుతుందే తప్ప, అంత వేగంలో వెళ్లి తీరాలని చెప్పదు.

మొదటి కొలత: ఇంజను

మన పాత బళ్లలో చాలావాటికి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు ఉండదు. అయినా లెక్క కట్టొచ్చు. బండిని మీ మెకానిక్ షెడ్డులో గుంత ఉన్న చోటికి తీసుకెళ్లండి. వెనక టైరు నేలను తాకే చోట టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టండి. న్యూట్రల్‌లో ఉంచి, బండిని తిన్నగా, నెమ్మదిగా, ఆ గీత మళ్లీ నేలకు వచ్చేదాకా తోయించండి. నేల మీద రెండు గీతల మధ్య దూరం మీ చక్రం చుట్టుకొలత. అదే సమయంలో గుంతలో ఒక మనిషి నిలబడి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే పొడుగాటి కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. దాని మీదా ఒక సుద్ద గీత ఉంటే సులువు. జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం ఎవరినీ దూరనివ్వకండి.

మా బండిలో చుట్టుకొలత 2.05 మీటర్లు వచ్చింది. చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఐదు చుట్లకు కాస్త తక్కువ, 4.875 చుట్లు. టాప్ గేరులో ఇంజనూ షాఫ్టూ సమానంగా తిరుగుతాయి. కాబట్టి ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే చక్రం 615 చుట్లు తిరుగుతుంది, దాన్ని 2.05తో గుణిస్తే నిమిషానికి 1261 మీటర్లు, గంటకు సుమారు 76 కిలోమీటర్లు. ఇదే లెక్కన వంద కిలోమీటర్ల వేగంలో ఇంజను దాదాపు 4000 చుట్లు తిరుగుతుంది.

ఆ 4000 ఎంత భారమో ఊహించుకోవాలంటే పిస్టన్ సంగతి చూడండి. ఈ ఇంజను బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, దాదాపు 89. అంటే వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఒక్కో చుట్టుకు పిస్టన్ పైకీ కిందికీ కలిపి 178 మిల్లీమీటర్లు నడుస్తుంది. నిమిషానికి 3000 చుట్లయితే 530 మీటర్ల పైచిలుకు, 4000 చుట్లయితే 710 మీటర్ల పైచిలుకు. అంతటితో ఇంజను విరిగిపోదు. ఐదు నిమిషాలు ఓర్చుకుంటుంది కూడా. మే నెల మధ్యాహ్నం నకిరేకల్ నుంచి కోదాడ దాకా ఓర్చుకోమంటే మాత్రం వేడి ముల్లు లేస్తుంది, ఆయిల్ ప్రెషర్ దిగుతుంది. ఇంజను బాగా ఉన్న బండికి నిమిషానికి 3000 చుట్ల దగ్గర రోజంతా నడిచే ఓపిక ఉంటుందని నా అనుభవం. మీ బండిలో ఆ 3000 చుట్లకు వచ్చే వేగమే మీ మొదటి అంకె. నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంకో మాట. స్పీడో ముల్లును నమ్మి ఈ లెక్కలు వెయ్యొద్దు. టైరు సైజు మార్చి ఉంటే ముల్లు తప్పు చెబుతుంది. కిలోమీటరు రాళ్లు ఉన్నాయి కదా. ముల్లును ఒకే చోట నిలిపి నడపండి, పక్కన కూర్చున్నవాళ్లు ఒక రాయి నుంచి తర్వాతి రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం. 60 సెకన్లు పడితే అరవై, 45 పడితే ఎనభై. ఫోన్‌లో జీపీఎస్ ఉన్నా నేను రాళ్లతోనూ ఒకసారి సరిచూసుకుంటాను.

రెండో కొలత: స్టీరింగ్

తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, 50తో మొదలుపెట్టి ఐదేసి కిలోమీటర్లు పెంచుకుంటూ వెళ్లండి. ప్రతి మెట్టు దగ్గరా రెండు నిమిషాలు ఉండండి. చక్రాన్ని బిగించి పట్టుకోకుండా వేళ్లతో పట్టుకుంటే బండి ఏం చెబుతోందో తెలుస్తుంది. ఏ వేగం దగ్గర స్టీరింగ్ వణుకు మొదలైంది, ఏ వేగం దగ్గర తిన్నగా పోనివ్వడానికి మీరు ఆపకుండా సరిచేయాల్సి వస్తోంది, పక్క నుంచి బస్సు దూసుకెళ్తే ఎంత ఊగింది, ఇవన్నీ రాసుకోండి. ఒక వేగం దగ్గర మాత్రమే వణికి, దాటాక తగ్గిపోతే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. వేగంతోపాటు పెరుగుతూ పోతే, బండి దానంతట అది అటూ ఇటూ తిరుగుతుంటే, అలైన్‌మెంట్, బేరింగ్‌లు, స్టీరింగ్ కీళ్లు చూపించాలి. అది బాగయ్యేదాకా, తిరుగుడు మొదలైన వేగానికి పది తక్కువే మీ రెండో అంకె.

మూడో కొలత: బ్రేకు

ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

కదిలే బండిలోని శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది. బ్రేకు మింగాల్సిన శక్తి మాత్రం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములోకే పోవాలి. డిస్కు బ్రేకుకు గాలి తగులుతుంది, డ్రమ్ము మూతవేసిన గిన్నె లాంటిది. వేడెక్కిన కొద్దీ డ్రమ్ము వ్యాకోచించి, లోపలి నుంచి దానికి ఒరుసుకుని చక్రాన్ని ఆపే షూలకు దూరం జరుగుతుంది. షూ మీది లైనింగ్‌కు పట్టు తగ్గుతుంది. అందుకే మొదటిసారి బాగా పట్టిన బ్రేకు వెంటవెంటనే మూడోసారి తొక్కేసరికి పెడలు కిందికి దిగి, బండి ఆగకుండా జారుతున్నట్టుంటుంది.

నాకు ఇది నకిరేకల్ దగ్గర తెలిసొచ్చింది. బండిని బాగుచేయించిన కొత్తలో 90 దాటించి వెళ్తున్నాను. ముందు ఒక ట్యాంకరు బ్రేకు కొట్టింది, ఆగాను. మళ్లీ వేగం అందుకున్నానో లేదో డివైడర్ సందులోంచి ట్రాక్టరు వచ్చింది. ఆ తర్వాత ఒక బస్సు. మూడోసారి పెడలు నేలకు దగ్గరగా వెళ్లింది. వెనక సీట్లో అమ్మ ఉంది. గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, సర్వీసు రోడ్డు వైపు మళ్లిస్తే ఆగింది. ఆ అరగంట రోడ్డు పక్కన డ్రమ్ములు చల్లారేదాకా కూర్చున్నప్పుడు ఈ మూడో కొలత ఎంత అవసరమో అర్థమైంది.

అంకెల్లో చూద్దాం. గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడితే, బ్రేకు పట్టకముందే 33 మీటర్లు పోయాయి. ఆ తర్వాత సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే మరో 49 మీటర్లు. మొత్తం 82. ముందున్న కొత్త కారు సెకనుకు 8.5 మీటర్ల చొప్పున తగ్గగలిగితే బ్రేకు పట్టాక 29 మీటర్లలో ఆగిపోతుంది. ఆ 20 మీటర్ల తేడా మీరు ముందుగానే ఖాళీగా ఉంచుకుంటేనే ఉంటుంది. అదే 60లో వెళ్తుంటే మీకు మొత్తం 53 మీటర్లు చాలు.

అభ్యాసం ఇలా చేయండి. వెనకా ముందూ ఎవరూ లేని పొడి రోడ్డు మీద 40 నుంచి గట్టిగా, చక్రాలు బిగుసుకోకుండా ఆపండి. బండి ఒక పక్కకు లాగితే అక్కడితో ఆపేసి షూలు, వీల్ సిలిండర్ చూపించండి. తిన్నగా ఆగితే 60 నుంచి ఆపండి. తర్వాత విరామం లేకుండా 60 నుంచే వరుసగా మూడుసార్లు. మూడోసారి కూడా పెడలు ఎత్తు, ఆగిన దూరం మొదటిసారికి దగ్గరగా ఉంటే 70తో మరో రోజు ప్రయత్నించండి. ఒకే రోజు కాదు. మూడోసారి కూడా నమ్మకంగా ఆగిన వేగం మీ మూడో అంకె.

ఈ కార్లలో ఎక్కువ వాటికి బ్రేకు ఆయిల్ దారి ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. కాబట్టి 30 వేగంలో, ఖాళీ చోట, పెడలు ముట్టుకోకుండా గేరు దించుతూ హ్యాండ్ బ్రేకుతో ఆపడం చేతికి అలవాటు చేసుకోండి. మీటను విడుదల చేసే బొత్తాం నొక్కి ఉంచితే వెనక చక్రాలు బిగుసుకుంటున్నట్టు అనిపించగానే వదలొచ్చు.

మూడు అంకెల్లో చిన్నది

మా బండికి ఇంజను అంకె 76, స్టీరింగ్ అంకె 80, బ్రేకు అంకె 70 వచ్చాయి. కాబట్టి మా బండి వేగం 70. ఇంట్లో ఎవరు నడిపినా అంతే.

70లో హైవే మీద ఎలా ఉండాలి? ఎడమ లైను మనది. కానీ మన రోడ్ల మీద ఎడమ లైనులో ఎదురు వచ్చే బైకులు, నిలిపేసిన లారీలు ఉంటాయి. అందుకే చూపు మూడు నాలుగు వందల మీటర్ల ముందుండాలి. నిలిచిన లారీ అంత దూరంలో కనిపించినప్పుడే అద్దం చూసి, ఇండికేటర్‌తోపాటు చెయ్యి కూడా చాపి నెమ్మదిగా జరగాలి. పాత ఇండికేటర్ దీపం పట్టపగలు వెనకవాళ్లకు సరిగా కనపడదు, చెయ్యి కనపడుతుంది. ముందు బండికీ మీకూ మధ్య నాలుగు సెకన్లు ఉంచండి. అది ఒక స్తంభం దాటగానే నూట ఒకటి, నూట రెండు, నూట మూడు, నూట నాలుగు అని మామూలుగా పలకండి, అప్పటికి గానీ మీరు ఆ స్తంభం చేరకూడదు. ఆ ఖాళీలోకి ఎవరో దూరుతారు. దూరనివ్వండి, కాలు తీసి మళ్లీ ఖాళీ చేసుకోండి. ప్రయాణం మొత్తంలో దానివల్ల పోయేది కొద్ది నిమిషాలే.

60లో పోయే లారీని 70లో దాటాలంటే తేడా సెకనుకు మూడు మీటర్లు కూడా లేదు. వెనకా ముందూ ఖాళీ కలిపి 60 మీటర్లు దాటడానికి 20 సెకన్ల పైన పడుతుంది, ఆలోపు మీరు 400 మీటర్లు పోతారు. కుడి లైను అంతసేపు ఖాళీగా ఉంటేనే వెళ్లండి. లేకపోతే నాలుగు సెకన్ల దూరంలో ఆ లారీ వెనకే ఉండండి.

వచ్చే పాఠం ఎండాకాలం గురించి: రేడియేటరు, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ ఎందుకు వేసేవాళ్లు, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను ఏం చేస్తుంది. ఆలోపు మీ మూడు అంకెలూ తేల్చి, చిన్నదాన్ని కాగితం మీద పెద్దగా రాసి, స్పీడో పక్కన అతికించండి. బండి తీసుకెళ్లే మీ అబ్బాయికో తమ్ముడికో కూడా అది కనపడాలి.