నిద్ర చెడగొట్టే పడకగది: ఏ బాధకు ఏ మూల కడగాలి?

సరిగ్గా నిద్ర పట్టడం లేదనిపించగానే చాలామంది చేసే పని, ఓ సెలవు రోజు చూసుకుని గదంతా ఒకేసారి తిరగేయడం. నేనూ అదే చేశాను. ఓ ఆదివారం సాయంత్రం అల్మారా మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మంతా చీపురుతో దులిపేసి, రెండు గంటల తర్వాత అదే గదిలో పడుకున్నాను. గది చూడ్డానికి అద్దంలా ఉంది. నేను మాత్రం తెల్లవార్లూ తుమ్ముతూనే ఉన్నాను.

అప్పటినుంచి చీపురు పట్టుకునే ముందు కాగితం పట్టుకుంటున్నాను. బాధ ఏ వేళకు మొదలవుతోంది? దిండు మీద తల పెట్టిన పది నిమిషాలకా, ఫ్యాన్ వేశాకా, అర్ధరాత్రా, తెల్లవారుజామునా? నాలుగైదు రోజులు రాసి చూస్తే కారణం ఏ మూల దాక్కుందో దాదాపు తెలిసిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. రెండు రాత్రులు వేరే గదిలో, వేరే దిండు, వేరే దుప్పటితో పడుకోండి. బాధ తగ్గితే తప్పు మీ గదిదే. మూడో రాత్రి అక్కడికే మీ దిండు ఒక్కటి తెచ్చుకోండి. బాధ మళ్లీ మొదలైతే గదంతా కడగక్కర్లేదు, దిండు సంగతి చూస్తే చాలు.

పడుకోగానే ముక్కు బిగుసుకుంటుంది, లేవగానే తుమ్ములు

ఎక్కువ ఇళ్లలో ఉండే బాధ ఇదే. కారణం కూడా ఎక్కువసార్లు ఒకటే: డస్ట్ మైట్లు. ఇవి మిల్లీమీటరులో నాలుగో వంతు ఉండే జీవులు, మామూలుగా చూస్తే కంటికి ఆనవు. కుట్టవు, కరవవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అలర్జీ తెప్పించేది ముఖ్యంగా వాటి రెట్ట. పడుకుని అటూ ఇటూ దొర్లినప్పుడు అది పైకి లేచి నేరుగా ముక్కులోకి పోతుంది.

వీటి గురించి గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటాయి. గాలిలో తేమ 50 శాతం కంటే తక్కువగా కొన్నాళ్లు నిలిస్తే ఎండి చచ్చిపోతాయి. పరుపు వాటికి అంత నచ్చడానికి కారణం మన చెమట, ఊపిరిలోని తడి, ఒంటి వెచ్చదనం. అందుకే లేచీ లేవగానే దుప్పటి మడతపెట్టి పరుపును కప్పేయకండి. కిటికీ తెరిచి, ఓ గంటసేపు పరుపును అలా గాలికి వదిలేయండి. బద్ధకస్తులకు ఇంతకంటే మంచి సలహా నేనింతవరకూ వినలేదు.

ఇక కడగడం. మొదలు దిండుతోనే, ఎందుకంటే ముక్కుకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. గలీబు వారానికోసారి మార్చేవాళ్లు కూడా లోపలి దిండును ఏళ్ల తరబడి ఉతకరు. గలీబు తీసి చూడండి, పసుపుపచ్చ మరకలు కనిపిస్తే అవన్నీ చెమట, జిడ్డు. దిండుకు కుట్టిన చీటీ మీద ఉతకొచ్చని ఉంటే ఉతికి, లోపలి దాకా ఆరనివ్వండి. పైన ఆరి లోపల తడిగా ఉంటే మైట్లకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. ఫైబర్ దిండును సగానికి మడిచి వదలండి. తిరిగి విచ్చుకోకపోతే ఉతకడం దండగ, మార్చేయండి. ఫోమ్ దిండును నీళ్లలో ముంచకండి. కవర్ ఉతికి, ఫోమ్‌ను పిండిన తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికితే మైట్లు చస్తాయి. అంత వేడి కుదరకపోతే టెన్షన్ పడక్కర్లేదు. మామూలు నీటిలో చాలా మైట్లు బతికిపోయినా, అలర్జీ తెప్పించే రెట్టలో ఎక్కువ భాగం నీటితో కొట్టుకుపోతుంది. తర్వాత మంచి ఎండలో కరకరలాడేలా ఆరబెట్టండి. పిల్లల బొచ్చు బొమ్మల్లో ఉతకడానికి పనికొచ్చేవాటిని సంచిలో కట్టి ఒకరోజు పైగా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి. చలికి మైట్లు చస్తాయి గానీ రెట్ట పోదు, కాబట్టి ఉతుకు తప్పదు.

పరుపు దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. షాంపూ నురగ పోసి రుద్దడం, స్ప్రేతో తడపడం చేస్తారు. లోపలికి దిగిన తడి రోజుల తరబడి ఆరదు. పరుపుకు కావాల్సింది పొడిగా చేసే పని. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే రెండు వైపులా, ముఖ్యంగా అంచు కుట్ల వెంబడి, నిదానంగా లాగండి. మామూలు ఫిల్టర్ ఉన్న యంత్రం సన్నటి దుమ్మును వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతం పట్టేసే హెపా ఫిల్టర్ ఉంటే ఆ బాధ ఉండదు. లేకపోతే మాస్క్ కట్టుకుని కిటికీలు తెరిచి పని చేయండి, అలర్జీ ఉన్నవాళ్లను ఆ పూట గదిలోకి రానివ్వకండి. యంత్రమే లేకపోతే పరుపును బయటికి మోసుకెళ్లి దులపండి. అదీ కుదరకపోతే బాగా పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి.

బేకింగ్ సోడా సంగతి అందరూ అడుగుతారు. పరుపు మీద చల్లి అరగంట తర్వాత లాగేస్తే వాసన తగ్గుతుంది, అంతవరకే. మైట్ల మీద దాని ప్రభావం గురించి పెద్ద ఆశ పెట్టుకోకండి. ఆ డబ్బులు పరుపుకూ దిండుకూ మొత్తంగా తొడిగే, జిప్ ఉన్న అలర్జీ కవర్ మీద పెడితే మేలు.

మైట్ల రెట్ట కాస్త బరువైనది. కదిపితే లేస్తుంది, కదపడం ఆపితే అరగంటో గంటో గడిచేలోపు చాలావరకు కిందికి దిగిపోతుంది. పిల్లి నుంచి వచ్చే అలర్జీ రేణువులు అలా కాదు, అంతకంటే తేలికై గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. పిల్లి మంచమెక్కే ఇంట్లో పరుపు ఎంత దులిపినా లాభం కనిపించకపోవడానికి ఇదో కారణం. ముందు దాన్ని పడకగది బయట పడుకోబెట్టడం అలవాటు చేయాలి. అది ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. ఏదేమైనా దులిపే పని పొద్దున్నే పెట్టుకోండి, నాలాగా సాయంత్రం కాదు.

ఫ్యాన్ లేదా ఏసీ వేశాక దగ్గు

ఫ్యాన్ రెక్కల పై భాగం చూసి ఎన్నాళ్లయింది? పాత గలీబులోకి రెక్కను దూర్చి, రెండు వైపులా అదిమి బయటికి లాగండి. దుమ్మంతా సంచిలోనే పడుతుంది, మంచం మీద రాలదు. స్విచ్ ఆపి చేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా. దుమ్ము ఒక రెక్కకు ఎక్కువ, ఒక రెక్కకు తక్కువ పట్టినా ఫ్యాన్ ఊగుతుంది. రాత్రంతా టకటకమంటూ నిద్ర చెడగొట్టే చప్పుడు కొన్నిసార్లు ఇలా తుడవడంతోనే పోతుంది. పోకపోతే రెక్కల స్క్రూలు బిగించి చూడండి.

ఏసీ ఫిల్టర్‌ను రోజూ వాడే కాలంలో రెండు వారాలకోసారి తీసి కడగాలి. పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఫిల్టర్ కడిగాక కూడా వేయగానే తడి సాక్సు వాసన వస్తుంటే, బూజు లోపలి కాయిల్ మీదో, నీళ్లు కారే గొట్టంలోనో ఉంది. అది మెకానిక్ పని.

కర్టెన్లను మర్చిపోతుంటాం. గాలి వచ్చినప్పుడల్లా అవి గదిలో దుమ్ము దులుపుతూనే ఉంటాయి. రెండు మూడు నెలలకోసారి ఉతకండి. ఈ పనులన్నీ పైనుంచి కిందికి జరగాలి: ఫ్యాన్, అల్మారా పైభాగం, కర్టెన్లు, తర్వాత మంచం, చివర్లో నేల. నేలకు చీపురు కంటే తడిగుడ్డే నయం.

అర్ధరాత్రి దురద, పొద్దున్నే ఎర్రటి దద్దుర్లు

ముందు చెమటకాయలా, దోమలా, నల్లులా తేల్చుకోండి. నల్లి కాట్లు తరచూ వరసగానో గుంపుగానో, బట్ట కప్పని చోట ఉంటాయి. ఒకే మంచం మీద పడుకున్నా ఒకరికి దద్దుర్లు వచ్చి, ఇంకొకరికి మచ్చ కూడా పడకపోవచ్చు. అందుకని ‘నాకేం కాలేదే, నీ భ్రమ’ అని తీసిపారేయకండి. అసలు సాక్ష్యం ఒంటి మీద కంటే మంచం మీదే దొరుకుతుంది. టార్చ్ వేసి పరుపు అంచు కుట్లు, మంచం పట్టీల సందులు, కోళ్ల అతుకులు, తలవైపు చెక్క వెనక వెతకండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, దుప్పటి మీద చిన్న రక్తపు మరకలు, లేత గోధుమ రంగు పొట్టు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పెద్ద నల్లి దాదాపు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి బాగానే కనిపిస్తుంది.

నల్లులు పట్టాయంటే ఇల్లు మురికిదని కాదు. ప్రయాణపు సంచిలోనో, వాడిన ఫర్నిచర్‌తోనో వస్తాయి. సిగ్గుపడి దాచడం వల్లే అవి ఇంకో గదికి పాకుతాయి.

ఏం చేయాలంటే: దుప్పట్లు, బట్టలు మంచం దగ్గరే సంచిలో కట్టి నేరుగా ఉతకడానికి తీసుకెళ్లండి, ఇల్లంతా ఈడ్చుకుంటూ కాదు. 60 డిగ్రీల నీటిలో ఉతకడం గానీ, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట ఉంచడం గానీ చేస్తే గుడ్లతో సహా చస్తాయి. నల్ల సంచిలో కట్టి ఎండలో పెడితే చాలనుకోకండి, మధ్యలో ఉన్న బట్టల దాకా ఆ వేడి చేరకపోవచ్చు. సందుల్లో వ్యాక్యూమ్ పెట్టి, ఆ చెత్తను సంచిలో గట్టిగా మూసి వెంటనే బయట పారేయండి. మంచాన్ని గోడకు తగలకుండా జరపండి, దుప్పటి నేలకు వేలాడకూడదు.

ఒక్కసారితో పని అయిపోదు. మిగిలిన గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి, కాబట్టి అప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. మంచం వాడటం మానేసి గది మార్చినా లాభం లేదు, అవి తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. దొరికిన పురుగుల మందల్లా పరుపు మీద కొట్టకండి. మీరు రాత్రంతా పీల్చేది దాన్నే. రెండు మూడు విడతలకీ తగ్గకపోతే పురుగుల నివారణ తెలిసినవాళ్లను పిలవండి.

గదిలో అడుగుపెట్టగానే ముక్కిపోయిన వాసన

అగరొత్తి, రూమ్ స్ప్రే తర్వాత. ముందు బీరువా వెనక గోడ చూడండి. గోడకు ఆనుకుని ఉన్న బీరువా వెనక గాలి ఆడదు, చెమ్మ చేరి నల్లటి బూజు పడుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజుకు పండగే. బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరపండి. చిన్న మచ్చలైతే మాస్క్, గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లతో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. పొడిగా గీకితే దాని రేణువులు గదంతా ఎగురుతాయి. బూజు మీదే రంగు వేయడం డబ్బు దండగ. గోడలో నీళ్లు కారుతుంటే ప్లంబర్ వచ్చి వెళ్లేదాకా ఏ శుభ్రతా నిలవదు.

బ్లీచ్ వాడితే అది ఒక్కటే వాడండి. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్, అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిస్తే క్లోరమిన్ విషవాయువులు వస్తాయి. మూసిన పడకగదిలో అది ప్రాణాంతకం.

వాసన బట్టల అరలోంచే వస్తుంటే కలరా ఉండలు వేసే ముందు ఆలోచించండి. వాటిలో ఎక్కువగా ఉండే నాఫ్తలీన్ ఆవిరి పడుకునే గదిలో మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లలకైతే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

అంతా శుభ్రమే, అయినా నిద్ర రాదు

ఇప్పుడు గదిని చీకట్లో చూడండి. లైట్లు ఆర్పి ఐదు నిమిషాలు కూర్చుంటే ఛార్జర్ మీద చుక్క, ఏసీ మీద అంకెలు, తలుపు కింద వెలుగు ఒక్కొక్కటే బయటపడతాయి. రాత్రి వెలుతురు మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను తగ్గిస్తుంది. నల్ల టేపు ముక్కతో అయ్యే పని ఇది. వేడి ఇంకో కారణం. నిద్ర పట్టాలంటే ఒళ్లు లోపల కాస్త చల్లబడాలి. మంచం కింద సామాన్లు కుక్కితే పరుపుకు కింది నుంచి గాలి ఆడదు, ప్లాస్టిక్ కవర్ వేస్తే చెమట పోదు. మంచం కింద ఖాళీ చేస్తే దోమలు దాక్కునే చోటు కూడా తగ్గుతుంది.

గురక మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం, రాత్రుళ్లు పిల్లికూతలు, ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా కునికిపాట్లు. ఇవి ఉంటే చీపురు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఏ వేళకు ఏం జరిగిందో రాసుకున్న కాగితం కూడా వెంట తీసుకెళ్లండి, అక్కడ మొదట అడిగేది దాదాపు అదే.