పచ్చిగానా, వండా? ఆయుర్వేద ఆహార పాఠాలు – 3: ఆకుకూర, ముల్లంగి

ముందు తిన్నది అరిగిందో లేదో చూసే గుర్తులు పోయిన పాఠంలో నేర్చుకున్నాం: వాసన లేని త్రేన్పు, ఒంట్లో తేలిక, మలమూత్రాలు సాఫీగా కావడం, గట్టి ఆకలి. ఈ గుర్తులు కనబడని పూట పచ్చి కూరగాయ జోలికి పోకండి. ఈసారి పొయ్యి వెలిగిద్దాం.

ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, విమానస్థానం అనే భాగంలో ఆహారానికి చెప్పిన ఎనిమిది విషయాల్లో రెండోది కరణం, అంటే సంస్కారం. కడగడం, ఉడికించడం, చిలకడం, ఆఖరికి వండే పాత్ర కూడా పదార్థం గుణాన్ని మారుస్తాయి. జఠరాగ్ని, అంటే కడుపులోని అరిగించే శక్తి, చేయాల్సిన పనిలో కొంత పొయ్యి ముందుగానే చేసిపెడుతుంది.

ఆకుకూరలు చాలావరకు గురువు (అరగడానికి బరువు), రూక్షం (జిడ్డు లేక పొడిగా ఉండేవి). కడుపును బిగబట్టి నెమ్మదిగా అరుగుతాయి. అందుకే ఉడికించి, రసం పిండి, నెయ్యో నూనో బాగా చేర్చి తినమన్నాడు చరకుడు. ముదురాకు పావుకిలో తీసుకోండి. లీటరు నీళ్ళు తెర్లుతుండగా వేసి, మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు ఉంచి వార్చండి. చేయి పట్టేంత చల్లారాక పిండండి. రెండు చెంచాల నెయ్యిలో జీలకర్ర, ఇంగువ వేగాక ఆకు వేసి కలియబెట్టండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పిండుతారు కానీ నెయ్యి దగ్గర పిసినారితనం చూపిస్తారు. అప్పుడు రూక్షత్వం అలాగే ఉండిపోతుంది, ఉబ్బరం తగ్గదు. పిండిన నీళ్ళతో ఆక్సలేట్లు (ఆకులో ఉండే ఒక రకం లవణాలు) కొంత పోతాయి, సి విటమిన్, ఫోలేట్ కూడా కొంత పోతాయి. కాబట్టి బాగా అరిగించుకోగలవాళ్ళు లేత ఆకును పిండకుండానే వండుకోవచ్చు.

వండితే గుణం ఎంత మారుతుందో ముల్లంగిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. లేత ముల్లంగి దోషహరం, అంటే దోషాలను పోగొడుతుంది, ముదిరింది వాతం, పిత్తం, కఫం అనే మూడు దోషాలనూ రేపుతుంది, నేతిలోనో నూనెలోనో వండింది వాతాన్ని అణుస్తుంది, ఎండింది కఫవాతాలను తగ్గిస్తుంది. దుంప ఒకటే, ఫలితాలు నాలుగు!

వేలంత లావు లేతది అయితే నాలుగు చక్రాలు, సైంధవ లవణం అద్ది, భోజనంతో పచ్చిగా తినండి. ముదిరినదాన్ని చెక్కు తీసి, పలుచగా తరిగి, ఆవిరి మీద మెత్తబడనిచ్చి, చెంచా నెయ్యిలో వాముతో మగ్గించండి. కోసినప్పుడు లోపల బెండులా ఉంటే పారేయండి, ఎంత ఉడికించినా పీచు పోదు. పచ్చిదైనా వండిందైనా ముల్లంగి తిన్నాక పాలు తాగకూడదు. అది విరుద్ధాహారం, అంటే ఒకదానితో ఒకటి పడని ఆహారం.

అభ్యాసం: ఒకరోజు మధ్యాహ్నం లేత ముల్లంగి పచ్చిగా, రెండు రోజుల తర్వాత అదే వేళకు అంతే ముల్లంగి వండి తినండి. మిగతా భోజనం మార్చకండి. త్రేన్పు, ఉబ్బరం, మళ్ళీ ఆకలేసిన సమయం రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో పచ్చిపాలు, కాచిన పాలు చూసేటప్పుడు ఈ పట్టిక పక్కన ఉండాలి.