పిల్లలు తీయించే పెట్టలకు అవిసెలు ఎట్లా పెట్టాలి

నేను నాటు పెట్టలను పెంచేది ముఖ్యంగా కోడిపిల్లల కోసం. అందుకే దాణాలో నా శ్రద్ధంతా కొవ్వు మీద ఉంటుంది. గుడ్డులో ఉన్న 21 రోజులూ పిల్లకు శక్తి దాదాపుగా పచ్చసొనలోని కొవ్వు నుంచే వస్తుంది. పెట్ట ఎలాంటి నూనెగింజలు తింటే అలాంటి కొవ్వే సొనలోకి దిగుతుంది. అక్కడి నుంచి పిల్ల ఒంట్లో రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల పొరల్లోకి చేరుతుంది.

మనం వేసే మక్కల్లో, సోయాలో ఒమేగా-6 అనే రకం కొవ్వు ఎక్కువ. రోగం తగిలినప్పుడు కణాలు దాన్నుంచే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 లాంటి పదార్థాలు తయారుచేస్తాయి. వాటివల్లే జ్వరం, వాపు. ఆ వాపు కొంత ఉండాల్సిందే, కానీ మితిమీరితే కోడి మేత మానేసి ముడుచుకుని కూర్చుంటుంది, ఎదుగుదల ఆగుతుంది. అవిసె గింజల్లోని ఒమేగా-3 అనే మరో రకం కొవ్వు దానికి పగ్గం వేస్తుంది.

10 కిలోల దాణాలో అర కిలో మక్కలు తీసేసి, అర కిలో అవిసెలు కలపండి. దోరగా వేయించి, చల్లారాక బరకగా దంచాలి. మంచిది కదా అని ఇంకా పోయొద్దు. విటమిన్ బి6కు అడ్డుపడే పదార్థం అవిసెల్లో ఉంది. పైగా ఒమేగా-3 మరీ ఎక్కువైతే రోగాన్ని ఎదుర్కొనే చురుకే మందగిస్తుంది. పసి కోడిపిల్లల దాణాలో నేనసలు వేయను.

పొదగడానికి గుడ్లు ఏరే ముందు నెల నుంచే మొదలుపెట్టండి, సొనలో కొవ్వు మారడానికి వారాలు పడుతుంది. వానాకాలంలో బయట పచ్చగడ్డి మేసే పెట్టలకు ఒమేగా-3 కొంత అక్కడే దొరుకుతుంది. ఎండాకాలంలోనే అవిసెల అవసరం ఎక్కువ.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది నూనె పాడవడం గురించి. దంచిన అవిసెలు చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. తాజావైతే కమ్మగా ఉంటాయి, పాడైతే పెయింట్ వాసన కొడతాయి. అందుకే రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే దంచుకోవాలి. మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు కూడా త్వరగా చెడుతుంది, నూనె తీసిన తవుడు నయం. హోటళ్లలో మరగబెట్టి మిగిల్చిన నూనె చవకగా వస్తుందని కలిపేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పాడైన నూనె దాణాలోని విటమిన్ ఇ-ని తినేస్తుంది. అది తగ్గితే రోగనిరోధక శక్తి పడిపోతుంది, పిల్లల చిన్నమెదడు దెబ్బతిని మెడ వంకర తిరుగుతుంది, తూలి పడతాయి. చూడ్డానికి అచ్చం కొక్కెర తెగులు (రానీఖేత్ వ్యాధి) లాగే ఉంటుంది. కంటితో తేల్చుకోలేం, వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి.

అవిసెలు వేస్తున్నాం కదా అని టీకాలు మానొద్దు. కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలో లసోటా టీకా, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా వేయించాల్సిందే.