గట్టిమేళానికి పడాల్సిన అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయా?

ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోకి డావిన్చీ రిజాల్వ్, కేడెన్‌లైవ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్లు ఎగిరొచ్చేలా పెట్టుకుంటున్నవాళ్ల కోసం ఇది. కీఫ్రేమ్ (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు) పెట్టడం, కత్తిరించడం వచ్చనే అనుకుంటున్నాను.

ప్లే చేస్తే తడబడుతోంది

అడగగానే ర్యామ్ కొనమంటారు. కొనకండి. ముందు ఒక పది సెకన్ల ముక్కను ఎక్స్‌పోర్ట్ చేసి, మామూలు ప్లేయర్‌లో చూడండి. అక్కడ సాఫీగా ఆడితే వీడియోలో లోపం లేదు, ప్రివ్యూకే మీ కంప్యూటర్ సరిపోవట్లేదు. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకే వాడే తేలికపాటి నకళ్లు, చేసుకుంటే సరిపోతుంది. ఈ ఎక్స్‌పోర్ట్ పరీక్ష ఎవరూ చేయరు, నేరుగా సెట్టింగులు కెలుకుతారు.

మాటకీ పెదవికీ పొంతన లేదు

చెవిలో బ్లూటూత్ ఉంటే తీసేయండి. సగం ఫిర్యాదులు అక్కడితో ఆగిపోతాయి.

వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టినా తేడా ఉంటే, ఆ తేడా ఎలా ఉందో గమనించండి. మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే ఆడియోను కాస్త జరిపితే చాలు. మొదట్లో బాగానే ఉండి, పోనుపోను పెరుగుతుంటే మాత్రం దొంగ దొరికినట్టే: ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకు పడే ఫ్రేముల సంఖ్య, నిలకడగా లేదు.

ఫోన్ సెట్టింగుల్లో 30 అని ఉంటుంది గానీ, చాలా ఫోన్లు సెకనుకు కచ్చితంగా 30 ఫ్రేములు తీయవు. ఫ్లడ్‌లైట్లున్న మండపం నుంచి వెలుతురు తక్కువున్న భోజనాల హాల్లోకి వెళ్తే, ఒక్కో ఫ్రేముకు ఎక్కువ వెలుతురు పట్టడానికి వేగం తగ్గిస్తాయి. ఎండలో వేడెక్కినా అంతే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఫ్రేములన్నీ సమానమైన ఎడంలో ఉన్నాయనుకుని లెక్కేస్తుంది. అందుకే వధువు పేరు మొదట్లో చక్కగా పడుతుంది. అరగంట తర్వాత, మేళం హోరెత్తాక, జీలకర్రబెల్లం పెట్టడం కూడా అయిపోయాక అక్షరాలు తీరిగ్గా ఎగిరొస్తాయి. మీరు కీఫ్రేములు జరుపుతారు. తర్వాతి చోట మళ్లీ తేడా. ఇలా జరుపుకుంటూ రాత్రంతా కూర్చున్నా తెగదు.

ఖాయం చేసుకోవాలంటే, వీడియో ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరవండి. ఫ్రేమ్‌రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' (మారుతూ ఉండేది) అని ఉంటే అనుమానమే అక్కర్లేదు. కింద కనిష్ఠం, గరిష్ఠం కూడా చూపిస్తుంది.

మందు హ్యాండ్‌బ్రేక్, వీడియో ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్. ఉచితమే. కానీ అందరూ బోల్తా పడేది ఇక్కడే: '1080పీ30' ప్రీసెట్ ఎంచుకుని మార్చేశాం అనుకుంటారు. ఆ ప్రీసెట్‌లో ఉండేది 'పీక్ ఫ్రేమ్‌రేట్', అంటే 30 దాటనివ్వదు, తగ్గితే తగ్గనిస్తుంది. రోగం అలాగే ఉంటుంది. వీడియో ట్యాబ్‌లోకి వెళ్లి, అంకె 30 పెట్టి, దాని కింద 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' మీద నొక్కాలి. క్వాలిటీ 18 దగ్గర ఉంచండి. మార్చిన ఫైలును మళ్లీ మీడియాఇన్ఫోలో చూసి 'కాన్‌స్టంట్' అని కనబడ్డాకే ముందుకెళ్లండి.

ఇదంతా యానిమేషన్ మొదలుపెట్టకముందే చేయాలి. కీఫ్రేములన్నీ పెట్టేశాక ఫైలు మారిస్తే ఫ్రేముల సంఖ్యే మారిపోతుంది, పడ్డ కష్టం నేలపాలు. ఇంకో మాట. రిజాల్వ్ కొత్త ప్రాజెక్టు 24 దగ్గర మొదలవుతుంది. మొదటి క్లిప్ వేసినప్పుడు ఫ్రేమ్‌రేట్ మార్చాలా అని అడుగుతుంది, చదవకుండా వద్దని కొట్టేయకండి. టైమ్‌లైన్ కట్టాక ప్రాజెక్టు అంకె మారదు.

తెలుగు వత్తులు విడిపోతున్నాయి

యూనికోడ్ ఫాంటేనా చూడండి, పాత డీటీపీ ఫాంట్లు ఇక్కడ పనికిరావు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడుతుంటే, దాని పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని తిరిగి తెరవాలి. అయినా కుదరకపోతే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో పేరు రాసి, వెనుక ఖాళీగా ఉన్న పీఎన్‌జీగా తెచ్చి కదిలించండి.

పేరు మరబొమ్మలా కదులుతోంది

కీఫ్రేములు లీనియర్‌లో, అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంలో, ఉన్నాయి. మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా ఈజ్ పెట్టండి.

ట్యూబ్‌లైట్ కింద చారలు

మన కరెంటు 50 హెర్ట్జ్. ఈసారి షటర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టి తీయండి. తీసేసినదాన్ని బాగుచేయడానికి తంటాలు పడకండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదవడం, కోడెక్ (వీడియోను కుదించి, తిరిగి విప్పే సాఫ్ట్‌వేర్) పాడవడం లాంటివీ ఉంటాయి గానీ చాలా అరుదు. పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.