కేసంతా బాగా చేసి, ఆఖరి నిమిషంలో తేలిపోతున్నారా?

విజయవాడలో శని, ఆదివారాలు కన్సల్టింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే జూనియర్లకు మాక్ కేసులు పెడుతుంటాను. కేసంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి, లెక్కగట్టి సలహా చెప్పమనడం. లెక్కల్లో మనవాళ్లకు తిరుగులేదు. అరగంట అయ్యాక "సీఈఓ గారు వస్తున్నారు, నిమిషంలో ఏం చెప్తావు?" అనగానే తిప్పలు మొదలవుతాయి.

ఉదాహరణకు ఒక కేసు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్నాయన రెండోది కట్టాలా వద్దా అంటున్నాడు. అంకెలు నేను అనుకున్నవే, యార్డులో అడిగి తెచ్చినవి కావు. కొత్తదానికి 12 కోట్లు, లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) పడతాయి. టిక్కీకి సీజనుకు 200 చొప్పున 2 కోట్ల అద్దె, 80 లక్షల ఖర్చు. అలా కాకుండా పాతదాని పక్కనే ఇంకో ఛాంబర్ (సరుకు పెట్టే చల్లటి గది) వేస్తే 3 కోట్లు, 40 వేల టిక్కీలు, 80 లక్షల అద్దె, 20 లక్షల ఖర్చు.

సమస్య: జవాబు రాకముందే నిమిషం అయిపోతుంది

"ముందు మార్కెట్ చూశాం సార్, తర్వాత ఖర్చులు చూశాం..." అంటూ కథంతా మొదటి నుంచీ చెబుతారు.

కారణం: మన ఇంటర్ చదువు. స్టెప్పులకు మార్కులు, అడుగున జవాబు, దాని చుట్టూ డబ్బా. రెండేళ్లు అదే రుద్దితే చెయ్యి అలాగే పోతుంది. ఇక్కడ డబ్బా ముందు గీయాలి. మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసిన బార్బరా మింటో నేర్పిన పిరమిడ్ పద్ధతీ ఇదే: జవాబు పైన, ఆధారాలు కింద.

పరిష్కారం: మొదటి వాక్యంలోనే కట్టాలో వద్దో తేలాలి. ఇలా:

"కొత్తది ఇప్పుడు కట్టొద్దండి, పాతదానికే ఛాంబర్ కలపండి. ఒకటి, పెట్టుబడి ఐదేళ్లలో తిరిగొస్తుంది, కొత్తదైతే పదేళ్లు. రెండు, పంట తగ్గిన ఏడు కూడా ఛాంబర్ నాలుగో వంతు నిండితే నడిపే ఖర్చు వచ్చేస్తుంది, కొత్తదానికి నలభై శాతం నిండాలి. పాత వ్యాపారులు వేరేచోటికి మళ్లితే మాత్రం ఇబ్బంది. అందుకే ముందు వాళ్ల దగ్గర మాట తీసుకుందాం. ఫిబ్రవరి నుంచి సరుకు ఉధృతంగా వస్తుంది కాబట్టి జనవరికల్లా ఛాంబర్ సిద్ధం కావాలి."

చదివి చూడండి, నిమిషం పట్టదు.

సమస్య: జవాబు ఉంది, అంకె గుర్తు రాదు

ఇది మాటతీరు లోపమనుకుని అద్దం ముందు ప్రాక్టీసు చేసేవాళ్లున్నారు. అద్దం ఏం చేస్తుంది పాపం! లోపం కాగితం మీద ఉంది. పదిహేనో నిమిషంలో ఐదేళ్లని తేల్చి, దాన్ని గుణకారాల మధ్యే వదిలేశారు. చివర్లో ఆ అడవిలో వెతుకుతున్నారు.

పరిష్కారం: కేసు మొదలవగానే కుడివైపు పైమూలన గడి గీసుకోండి. ఒక్కో లెక్క తేలగానే దాని అర్థం అందులో ఒక ముక్కలో రాయండి. "5 ఏళ్లు" అని ఊరుకోకుండా "5 ఏళ్లు, కొత్తదానికి సగం, ఛాంబర్ మేలు" అనాలి. చివరికి గడిలో మూడు నాలుగు ముక్కలుంటాయి, సిఫార్సు అంటే అవి చదవడమే. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమందికి ఈ గడి ఒక్కటే సరిపోయింది. మిగతావన్నీ మెరుగులు.

చెప్పేముందు ఆలోచన కూడదీసుకోవడానికి ముప్పై సెకన్లు కావాలంటే అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

సమస్య: "రెండువైపులా చూడాలి సార్, ఇంకా డేటా కావాలి"

కారణం భయం. తప్పయితే నెత్తిమీదికొస్తుందని. కానీ డబ్బిచ్చి సలహా అడిగినాయనకు ఈ మాటతో ఏం పని?

పరిష్కారం: ఒకవైపు నిలబడి, ఏది మారితే మాట మార్చుకుంటారో చెప్పండి. "స్థలం, కట్టుబడి కలిపి 6 కోట్లలో అయ్యేట్టుంటే కొత్తదే కట్టమంటాను." 6 కోట్లయితే అదీ ఐదేళ్లే, పైగా మిగులు రెట్టింపు.

సమస్య: ఎదురు ప్రశ్న రాగానే మాట మార్చేస్తారు

"కొత్తదాంట్లో యాభై వేల టిక్కీలకు ముందే ఒప్పందం కుదిరిందయ్యా, ఇప్పుడేమంటావ్?" అని ఇంటర్వ్యూ చేసేవాయన అంటే చాలు, "అయితే కట్టేయొచ్చు సార్" అనేస్తారు. ఆయన మీ నిలకడ చూస్తున్నాడు, అంతే. గబుక్కున ఒప్పుకోకుండా పైకే లెక్క వేయండి: "యాభై వేలకు కోటి అద్దె సార్. 80 లక్షల ఖర్చు పోతే నికరంగా తేలేది 20 లక్షలు. 12 కోట్లకు అది చాలదు. ముందు ఛాంబరే వేయమంటాను."