కొండన కార్చిచ్చు పుట్టినప్పుడు ఊరు దాన్ని కనిపెట్టుకుని ఉండే విధానం

శివరాత్రి దాటిన తరువాత నల్లమల, వెలికొండ, లంకమల, శేషాచలం కొండల చుట్టూ ఉన్న ఊళ్లలో పొద్దు వాలే వేళకు కొండవైపు ఒకసారి చూడటం పెద్దలకు అలవాటు. అప్పటికే ఆకు రాలి, బోదగడ్డి మోకాలెత్తున ఎండి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఒక బీడీ ముక్క, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన చిన్న మంట, కొత్త గడ్డి చిగురిస్తుందని అంటించిన నిప్పు, యాత్రికులు ఆర్పకుండా వదిలిన పొయ్యి, వీటిలో ఏదైనా చాలు. మంట కనిపించగానే కొందరు "ఏటా వచ్చేదే కదా" అని ఊరుకుంటారు, మరికొందరు దొరికిన వీడియోనల్లా పంపి ఊరిని భయపెడతారు. ఈ రెండూ ఊరికి మేలు చేసేవి కావు. తొలి పొగ కనిపించిన క్షణం నుంచి బూడిద చల్లారేదాకా మంటను ఒక పద్ధతి ప్రకారం కనిపెట్టుకుని ఉండటం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. మంటను ఆర్పడం అటవీ శాఖ, అగ్నిమాపక శాఖల పని, అయితే అది ఎక్కడ ఉంది, ఎటు పోతోంది అన్న సంగతి వారికి తొందరగా, తప్పు లేకుండా చేరవేయగలిగేది కొండ ఎరిగిన ఊరివాళ్లే.

ఈ పని మంట రాకముందే, వీలైతే సంక్రాంతి వెళ్లిన వెంటనే మొదలు కావాలి. ముందుగా కొండకు ఊరివాళ్లు పెట్టుకున్న పేర్లను రాసుకోవాలి. ప్రతి బండకు, కోనకు, చెలమకు, వాగుకు గొర్రెల కాపరులు, చెంచులు, తునికాకు కోసేవారు పిలిచే పేరు ఒకటి ఉంటుంది. "ఫలానా కోన పైన పొగ వస్తోంది" అంటే ఊరివాళ్లకు వెంటనే తెలుస్తుంది, కానీ కొత్తగా వచ్చిన అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు గాని, ఎక్కడో కార్యాలయంలో పటం ముందు కూర్చున్న ఉద్యోగికి గాని ఆ పేరు తెలియదు. అందుకని కాపరులలో ఇద్దరు ముగ్గురు పెద్దలను కూర్చోబెట్టి, ఫోన్‌లోని ఉపగ్రహ పటం మీద ఒక్కొక్క చోటును గుర్తించి, పేరు పక్కన అక్షాంశ రేఖాంశాలను రాసి పెట్టాలి. ముప్పై నలభై చోట్లు రాస్తే ఒక ఊరికి సరిపోతుంది. నా ఉద్దేశంలో మొత్తం ఏర్పాట్లలో దీనికన్నా విలువైనది లేదు, ఎందుకంటే చోటు చెప్పడంలో పొరపాటు జరిగితే మంటలార్పే బృందం కొండకు అవతలి పక్క ఎక్కి గంటలు పోగొట్టుకుంటుంది. ఆ జాబితా ప్రతిని బీట్ ఆఫీసరుకు, సెక్షన్ ఆఫీసరుకు, రేంజ్ కార్యాలయానికి ఇచ్చి, వారి ఫోన్ నంబర్లను పంచాయతీ గోడ మీద రాయించాలి. వన సంరక్షణ సమితి ఉన్న ఊళ్లలో ఈ బాధ్యత దానికే అప్పగించడం మంచిది.

పొగ కనిపించినప్పుడు మొదట చూడవలసింది దాని మొదలు. గాలికి వంగి పోయే పొగ కొసను చూసి చోటు చెబితే కిలోమీటర్ల తేడా వస్తుంది. చూసినవారు ఉన్నచోటే నిలబడి, ఫోన్‌లోని దిక్సూచిని తెరిచి, పొగ మొదలు ఎన్ని డిగ్రీల దిక్కున ఉందో చదవాలి: ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. దగ్గరలో మోటారు సైకిలు, కరెంటు స్తంభం, ఇనుప గేటు ఉంటే సూది తప్పు చూపుతుంది కనుక వాటికి దూరంగా నిలబడాలి. ఒక్కరి కొలత వల్ల దిక్కు మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. అందుకని రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పక్క ఊరివారిని కూడా అదే పొగను అదే సమయంలో కొలవమని అడగాలి. ఆ రెండు దిక్కులకు పటం మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోటే సుమారుగా మంట ఉన్న చోటు. గీతలు దాదాపు ఒకదాని పక్కన ఒకటిగా పోతుంటే తప్పు పెరుగుతుంది, అప్పుడు మరోవైపున ఉన్న మూడో ఊరి కొలత కావాలి. పొగ శిఖరానికి అవతలి నుంచి లేస్తూ మొదలు కనబడకపోతే ఆ సంగతిని కూడా చెప్పాలి, ఎందుకంటే కనబడనిదాన్ని ఊహించి చెప్పడం కన్నా కనబడలేదని చెప్పడం అటవీ సిబ్బందికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ తరువాత ఉపగ్రహాల సమాచారం చూడవచ్చు. దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా అడవి మంటలను గుర్తించి రాష్ట్రాల అటవీ శాఖలకు హెచ్చరికలు పంపుతోంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నడిపే ఫర్మ్స్ అనే పటాన్ని ఎవరైనా ఫోన్‌లో తెరచి చూడవచ్చు, ఉపగ్రహం మంటను గుర్తించిన చోట అందులో ఎర్రచుక్క పడుతుంది. అయితే ఆ ఎర్రచుక్కలను చదవడం తెలియకపోతే మేలు కన్నా గందరగోళమే ఎక్కువ. ఉపగ్రహాల్లో ఉండే వీర్స్ అనే పరికరం చూపే చుక్క సుమారు 375 మీటర్ల గడికి నడిమధ్య గుర్తు, మోడిస్ అనే మరో పరికరం చూపే చుక్క సుమారు ఒక కిలోమీటరు గడికి గుర్తు. మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండవచ్చు, గడి అంతా తగలబడుతోందని కూడా అర్థం కాదు. వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా దాదాపు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలోను, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలోను పోతాయి, ఆ సమాచారం పటం మీదికి రావడానికి మూడు గంటల దాకా పట్టవచ్చు. కాబట్టి సాయంత్రం ఐదు గంటలకు పటంలో చుక్క లేదంటే మంట లేదని కాదు, మధ్యాహ్నం తరువాత ఆ ఉపగ్రహాలు చూడలేదని మాత్రమే అర్థం. మేఘం అడ్డమున్నా, దట్టమైన చెట్ల కింద గడ్డి మెల్లగా కాలుతున్నా చుక్క పడకపోవచ్చు. అడవి అంచున ఎవరో పొలంలో చెత్త తగలబెడితే పడవచ్చు. పటంలో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాసి ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి: 08:10 అని ఉంటే మనకు మధ్యాహ్నం 1:40. ఈ ఒక్క లెక్క మరచి, ఆరిపోయిన మంటను కొత్త మంటగా ప్రచారం చేసేవారు చాలామంది ఉంటారు.

మంట ఎటు పోతుందో అంచనా వేయడానికి కొండ వాలును, గాలిని కలిపి చూడాలి. మంట పైకి ఎగబాకేటప్పుడు దాని వేడి పైనున్న గడ్డిని ముందుగానే ఎండబెట్టి సిద్ధం చేస్తుంది, అందుకే వాలు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ మంట వేగం సుమారు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో చెబుతారు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో గడ్డి వాలు మీద మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా పర్వతారోహకులు చనిపోయారు. ఎండు గడ్డి వాలు మీద మంటను పరుగులో దాటగలమని ఎవరూ అనుకోకూడదు. పగలు ఎండకు వాలు వేడెక్కి గాలి కొండ పైకి వీస్తుంది, పొద్దు గూకాక చల్లగాలి కిందికి దిగుతుంది. అందువల్ల రాత్రి మంట మందగిస్తుంది, తెల్లవారుజామున పొగ లోయలో పరచుకుని ఊరిని కమ్ముతుంది, ఉదయం ఎనిమిది గంటలకు చూస్తే అంతా ఆరిపోయినట్టే ఉంటుంది. చాలా ఊళ్లు కాపలా మానేసేది సరిగ్గా అప్పుడే. పది దాటి గాలి మళ్లీ పైకి తిరగగానే మొద్దుల్లో దాగిన నిప్పు లేస్తుంది. కాపలా వంతులు వేసుకునేటప్పుడు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు మనిషి తప్పకుండా ఉండేట్టు చూసుకోవాలి. ఊరు కొండ కిందనే ఉంది కదా, మంట పైకే పోతుంది కదా అన్న ధైర్యం కూడా పూర్తిగా పనికిరాదు, ఎందుకంటే నిటారు వాలు మీద కాలుతున్న మొద్దులు, వెదురు దుంపలు కిందికి దొర్లి కొత్త చోట నిప్పు పెడతాయి.

సమాచారం పంపడానికి ఊరికి ఒక్క వాట్సాప్ గుంపు, దాంట్లో రాయడానికి ఇద్దరు మనుషులు చాలు. ప్రతి సందేశంలో చూసిన సమయం, నిలబడిన చోటు, డిగ్రీలు, కొండ పేరు, గాలి వీస్తున్న వైపు, స్వయంగా చూశారా విన్నారా అన్న సంగతి ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మధ్యాహ్నం 2:20. చెరువు కట్ట మీద నుంచి 305 డిగ్రీలు. ఫలానా కోన పైన పొగ మొదలు కనబడుతోంది. గాలి తూర్పు నుంచి. నేనే చూశాను." సమయం లేని ఫోటోను ఎవరు పంపినా తీసివేయాలి. ఫోన్ లేని ముసలివారి కోసం గుడి మైకులోనో, పంచాయతీ మైకులోనో పొద్దున, సాయంత్రం ఒక్కొక్కసారి చెప్పించాలి, అంతకు మించి పదేపదే చెబితే జనం వినడం మానేస్తారు. మంట ఊరి వైపు తిరిగితే 101కి గాని 112కి గాని, ఎవరికైనా ఊపిరాడకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. మంట లేచిన ప్రతిసారీ చెంచుల మీదనో, గొర్రెల కాపరుల మీదనో నింద వేయడం మన ఊళ్లలో తేలిక. నల్లమలలో వేసవి కాపలాకు, మంటలు ఆర్పడానికి అటవీ శాఖతో పాటు కొండెక్కేవారిలో చెంచులు ముందుంటారు. రుజువు లేని నింద వేస్తే, రేపు తొలి పొగ చూసినవారు కూడా తమ మీదికి వస్తుందన్న భయంతో నోరు మెదపరు, అప్పుడు ఊరు తన కళ్లను తానే పోగొట్టుకున్నట్టవుతుంది. నిప్పు ఎవరు పెట్టారన్నది అధికారుల విచారణకు వదలాలి, కాపలా గుంపులో ఆ చర్చను రానివ్వకూడదు.

పడుచువాళ్లు ఉత్సాహంతో కొమ్మలు పట్టుకుని సొంతంగా కొండెక్కడం చాలా ప్రమాదకరం. అటవీ సిబ్బంది పిలిచి, వారే దగ్గరుండి నడిపిస్తేనే వెళ్లాలి. నైలాను, పాలిస్టరు బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి కనుక నూలు బట్టలు, మూసిన చెప్పులు వేసుకోవాలి. మంటకు పైన, వాలు మీద ఎప్పుడూ నిలబడకూడదు. ఇరుకు కోనలు పొగగొట్టంలా మంటను లాగుతాయి కనుక వాటిలోకి దిగకూడదు. చిక్కుకుంటే పైకి పరుగెత్తకుండా పక్కకు, అప్పటికే కాలి నల్లబడిన నేల మీదికో, గడ్డి లేని బండ మీదికో చేరాలి. మంట మరీ పెద్దదైతే ఊరివాళ్లు చేయగలిగిందేమీ ఉండదు: 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసి వచ్చింది.

ఊళ్లో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కొండ మీది పశువులను ముందుగానే దించుకోవాలి. గడ్డివాములను, కట్టెల మోపులను పూరిళ్లకు, కొట్టాలకు దూరంగా జరిపి, అడవి వైపు పొలాల గట్ల మీద ఎండుగడ్డిని చెక్కివేయాలి. దాన్ని తగలబెట్టి శుభ్రం చేయాలనుకోవడం మరో కార్చిచ్చుకు దారి. ఊరు విడవవలసి వస్తే పశువులను గుంజలకు కట్టేసి వదలకూడదు, పలుపులు విప్పి పోవాలి. పొగ కమ్మిన రోజుల్లో ఆయాసం ఉన్నవారిని, గర్భిణులను, పసిపిల్లలను, ముసలివారిని కిటికీలు మూసిన గదిలో ఉంచి, ఆ గదిలో అగరుబత్తి, దోమల చుట్ట, కట్టెల పొయ్యి వెలిగించకుండా చూడాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే కాస్త హాయిగా అనిపిస్తుంది గాని పొగలోని సన్నని నలుసులను అది ఆపదు, వాటికి ఎన్-95 మాస్కు కావాలి. మాస్కులు కొద్దిగానే ఉంటే ముందు బయట కాపలా ఉన్నవారికి, ఆయాసం ఉన్నవారికి ఇవ్వాలి.

శ్రీశైలానికి శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు దారిన నడిచిపోయే యాత్రికులు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్లేవారు అడవిలో ఉండేది సరిగ్గా ఈ కాలంలోనే. దారి మీద ఊరు ఉన్నవారు పొగ కనిపించగానే పైకి పోతున్న వారిని ఆపి, ముందు వెళ్లినవారు సుమారు ఎంతమందో, ఎన్ని గంటలకు దాటిపోయారో అధికారులకు చెప్పాలి.

మంట ఆరిందని అధికారులు చెప్పిన తరువాత కూడా కనీసం మూడు మధ్యాహ్నాలు కాపలా కొనసాగించాలి. కాలిన అడవిలోకి వెంటనే పోకూడదు. మొదలు కాలిన చెట్టు గాలి లేకుండానే కూలుతుంది, వేర్లు కాలిన చోట పైన బూడిద కప్పి కింద నిప్పు గుంట ఉంటుంది, పట్టు తప్పిన రాళ్లు దొర్లుతాయి. కొండ మీద మేత, నీరు కరవైన జంతువులు చెరువుకు దిగుతాయి కనుక కొన్నాళ్లు చీకటి పడ్డాక అటు ఒంటరిగా పోకుండా ఉండటం మంచిది. గుంపులో వచ్చిన సందేశాలన్నిటినీ తేదీ వరుసలో ఒక నోటు పుస్తకంలో ఎక్కించి, ఎవరి కొలత సరిపోయింది, ఏ పేరు దగ్గర పొరపాటు జరిగింది అని చూసి కొండ పేర్ల జాబితాను దిద్దుకోవాలి. ఇక తొలకరికి ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. గడ్డి కాలిపోయిన వాలు మొదటి వానకు మట్టిని, బూడిదను నిలుపుకోలేదు, అదంతా వాగుల వెంట చెరువులోకి దిగుతుంది. చెరువుకు నీరు తెచ్చే కాలువల్లో పూడిక తీయించి, కాలిన వాలు కింద వాగు మలుపుల్లో రాళ్లను అడ్డంగా పేర్చి, మొదటి రెండు వానలప్పుడు ఆ వాగు ఒడ్డున ఉన్న ఇళ్ల వారిని రాత్రిళ్లు మరో చోట పడుకోబెట్టాలి.