మొదటి ఫోన్ ఫిర్యాదు కాకుండా చూసుకోండి
టీచర్లకు ఒక మాట. అల్లరి పిల్లాడి ఇంటికి మీరు చేసే మొదటి ఫోన్ ఫిర్యాదు కాకూడదు. బడి తెరిచిన రెండు మూడు వారాల్లోపే ఏదో ఒక మంచి విషయం చూసి చెప్పండి. "ఇవాళ పక్కవాడి పెన్సిల్ విరిగితే మీవాడు తనది ఇచ్చాడండీ" అన్నా చాలు. బడి నంబరు చూడగానే గుండె దడదడలాడే తల్లికి ఆ ఒక్క నిమిషం ఎంత ఊరటో! తర్వాత ఎప్పుడైనా గొడవ జరిగితే ఆవిడ మీ మాట వింటుంది.

ఇక ఆ గొడవ గురించి చెప్పేటప్పుడు "మీవాడు అస్సలు కుదురుగా ఉండడు" అనకండి. ఆ మాటతో వాళ్లేం చేస్తారు? ఇంటికెళ్లాక నాలుగు తగిలిస్తారు, అంతే. "లెక్కల పీరియడ్‌లో నాలుగుసార్లు లేచాడు. ఇంట్లో హోంవర్క్ దగ్గర ఎలా ఉంటాడు?" అని అడగండి. చాలాసార్లు అసలు సంగతి అక్కడే బయటపడుతుంది: నిద్ర చాలకపోవడమో, బోర్డు సరిగా కనబడకపోవడమో, ఇంట్లో కొత్తగా చెల్లాయి పుట్టడమో.

ఇద్దరూ కలిసి ఒక్కటే లక్ష్యం పెట్టుకోండి, చెయ్యెత్తాకే మాట్లాడటం లాంటిది. రెండు వారాలపాటు డైరీలో రోజూ ఒక్క ముక్క రాయండి. బుద్ధిగా ఉన్న రోజు కూడా రాయాలండోయ్, నేనైతే అదే మర్చిపోతుంటాను.